గర్భిణి కాలేయంలో గడ్డ: భయపడవలసినదేది, వదిలేయదగినదేది

బెంగళూరులో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగు కుటుంబాలలో గర్భిణికి స్కానింగులు తక్కువేమీ జరగవు. మూడో నెలలో ఎన్‌టీ స్కాన్, అయిదో నెలలో టిఫా స్కాన్, ఏడో నెల దాటాక గ్రోత్ స్కాన్ దాదాపు అందరికీ ఉంటాయి. ఇవన్నీ బిడ్డను చూడటానికి ఉద్దేశించినవే. అయితే వాంతులు తగ్గకపోవడం వల్లనో, కుడి డొక్కలో నొప్పి వల్లనో, పిత్తాశయంలో రాళ్లున్నాయేమోనన్న అనుమానం వల్లనో డాక్టరు పొట్ట పైభాగాన్ని కూడా చూడమని రాసినప్పుడు, ఎవరూ ఊహించని వాక్యం ఒకటి రిపోర్టులో కనిపిస్తుంది: కాలేయం కుడి భాగంలో నాలుగు సెంటీమీటర్ల గడ్డ ఉంది. ఆ సాయంత్రానికే ఫోన్లు అనంతపురానికో కర్నూలుకో వెళ్తాయి. గర్భం ఉంచుకోవచ్చా, ఆపరేషన్ చేయించాలా, కాన్పు సిజేరియనేనా అన్న మూడు ప్రశ్నలూ ఇంట్లో ఒకేసారి లేస్తాయి.

చాలామంది విషయంలో ఈ మూడింటికీ జవాబు ఊరట కలిగించేదే: గర్భం నిశ్చింతగా కొనసాగించవచ్చు, ఆపరేషన్ అక్కరలేదు, కాన్పు మామూలుగానే జరగవచ్చు. ఈ జవాబు వర్తించనివారు కొద్దిమందే అయినా, వారిని గుర్తించడంలో ఆలస్యమైతే తల్లీ బిడ్డా ఇద్దరి ప్రాణాలకూ ముప్పు వస్తుంది. కనుక ఆ గడ్డ ఎంత పెద్దదని అడిగేముందు అది ఏ రకమో అడగాలి. పది సెంటీమీటర్ల గడ్డను చూసీ చూడనట్టు వదిలేయదగిన సందర్భాలున్నాయి, అయిదు సెంటీమీటర్ల గడ్డకు కంటి మీద కునుకు లేకుండా కాపలా కాయవలసిన సందర్భాలూ ఉన్నాయి.

ముందుగా తేల్చుకోవలసినవి

గడ్డ స్వభావాన్ని అంచనా వేయడానికి డాక్టర్లు మొదట దాని చుట్టూ ఉన్న కాలేయం ఎలా ఉందో చూస్తారు. సిర్రోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడటం) లేని, హెపటైటిస్-బి గానీ సి గానీ సోకని, ఇంతకుముందు శరీరంలో ఎక్కడా క్యాన్సర్ రాని యువతి కాలేయంలో అనుకోకుండా కనిపించిన గడ్డ క్యాన్సర్ అయ్యే అవకాశం చాలా తక్కువ. హెపటైటిస్-బి పరీక్ష గర్భిణులకు మొదటి నెలల్లోనే చేస్తారు కాబట్టి ఆ కాగితం చాలామందికి చేతిలోనే ఉంటుంది. అది పాజిటివ్ అని వచ్చినా, కాలేయం గట్టిపడినట్టు కనిపించినా ఇక్కడ చెప్పబోయే ఓదార్పు మాటలు ఆమెకు వర్తించవు. అప్పుడు ఆ గడ్డను వేరే దృష్టితో, వేగంగా పరీక్షించాలి.

రక్తపరీక్షలు గర్భిణుల విషయంలో కొంత తికమక పెడతాయి. కాలేయ క్యాన్సర్‌ను పసిగట్టడానికి వాడే ఆల్ఫా ఫీటో ప్రోటీన్‌ను కడుపులోని బిడ్డ కూడా తయారు చేస్తుంది, అది తల్లి రక్తంలోకి చేరుతుంది. కాబట్టి గర్భిణిలో ఆ అంకె ఎక్కువగా ఉండటం మామూలే. ల్యాబ్ వాళ్లు సాధారణ స్త్రీలకు వర్తించే హద్దులు వేసి, పక్కన నక్షత్రం గుర్తు పెట్టి ఇచ్చిన రిపోర్టును ఇంటర్నెట్‌లో వెతికి చూసుకున్నవారికి ఆ రాత్రి నిద్ర ఉండదు. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కూడా మాయ నుంచి వస్తుంది కనుక చివరి నెలల్లో పెరుగుతుంది, రక్తంలో నీటి పాలు ఎక్కువవడం వల్ల అల్బుమిన్ తగ్గుతుంది. ఈ రెండూ జబ్బు కావు. కాలేయం దెబ్బతింటే పెరిగే ఏఎల్‌టీ, ఏఎస్‌టీ అనే ఎంజైములు, కామెర్లలో పెరిగే బిలిరుబిన్ సంగతి అలా కాదు; కేవలం గర్భం వల్ల అవి పెరగవు, పెరిగితే కారణం వెతకవలసిందే.

తరచూ కనిపించే గడ్డలు

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది హెమాంజియోమా. సన్నని రక్తనాళాలు అల్లుకుపోయి స్పాంజిలా రక్తాన్ని పీల్చుకుని ఉండే గడ్డ ఇది. జనాభాలో ఇది ఎంతమందికి ఉంటుందన్న అంచనాలు 0.4 శాతం నుంచి 20 శాతం దాకా ఉన్నాయి. అంచనాలలో ఇంత తేడా ఉండటానికి కారణం, ఇది ఉన్నవారిలో అత్యధికులకు ఉన్నట్టే తెలియకపోవడం. కొందరిలో గర్భకాలంలో ఇది కొంత పెరగవచ్చు, అయినా పగిలిపోవడం అత్యంత అరుదు. దీనిని చూసి గర్భం వద్దనడానికి గానీ, ముందుజాగ్రత్త పేరుతో కోసి తీయడానికి గానీ ఆధారం లేదు. పది సెంటీమీటర్లు దాటినవాటిని మాత్రం మధ్యమధ్య స్కానింగ్‌తో గమనిస్తారు. బాగా పెద్ద హెమాంజియోమా తనలోనే రక్తాన్ని గడ్డకట్టించుకుంటూ ప్లేట్‌లెట్లను తగ్గించే కాసాబాక్-మెరిట్ స్థితి ఒకటి ఉంది కనుక, అలాంటివారికి ప్లేట్‌లెట్ల లెక్క కూడా చూస్తారు.

రెండోది ఫోకల్ నాడ్యులర్ హైపర్‌ప్లేసియా, పొట్టిగా ఎఫ్‌ఎన్‌హెచ్. ఇది కొత్తగా పుట్టిన కణితి కాదనే చెప్పాలి. ఒకచోట రక్తనాళం తీరు తప్పడం వల్ల అక్కడి కాలేయ కణాలకు రక్తం ఎక్కువగా అంది, అవి గుంపుగా పెరుగుతాయి. మధ్యలో మచ్చ, ఆ మచ్చ నుంచి నలుదిక్కులకూ చీలే రక్తనాళాలు దీని ఆనవాళ్లు. ఇది ఉన్నవారిలో అత్యధికులు స్త్రీలే కావడంతో హార్మోన్ల వల్ల వస్తుందని ఒకప్పుడు అనుకున్నారు. గర్భం వల్ల గానీ గర్భనిరోధక మాత్రల వల్ల గానీ దీనికి చెప్పుకోదగ్గ మార్పు రాదని తర్వాత తేలింది. ఇది క్యాన్సర్‌గా మారదు, రక్తస్రావం జరగడం కూడా అసాధారణం. ఎఫ్‌ఎన్‌హెచ్ అని గట్టిగా తేలితే గర్భిణికి దాని కోసం ప్రత్యేకంగా స్కాన్లు కూడా అవసరం లేదు.

రాయలసీమ నుంచి వచ్చినవారి విషయంలో ఇంకో అవకాశాన్ని మరచిపోకూడదు. గొర్రెల పెంపకం, కుక్కల సంచారం ఉన్న ప్రాంతాలలో కనిపించే హైడాటిడ్ తిత్తి కణితి కాదు, బద్దెపురుగు జాతికి చెందిన పరాన్నజీవి వల్ల ఏర్పడే నీటి సంచి. మన దేశంలో ఇది ఎక్కువగా కనిపించే రాష్ట్రాలలో ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ఉన్నాయి. ఇది పగిలితే తీవ్రమైన అలర్జీతో ప్రాణం మీదికి రావచ్చు. మామూలు నీటి తిత్తి అనుకుని సూది గుచ్చితే అదే ప్రమాదం. పల్లెలో గొర్రెల మంద ఉందా అని బెంగళూరు డాక్టరు అడగకపోతే మనమే చెప్పడం మంచిది.

అడినోమా సంగతి వేరు

హెపాటోసెల్యులార్ అడినోమా హెమాంజియోమా, ఎఫ్‌ఎన్‌హెచ్‌ల కంటే చాలా అరుదైనది. జాగ్రత్తంతా దీని గురించే. కాలేయ కణాలే అదుపు తప్పి పెరిగిన ఈ గడ్డలో పలుచని గోడలున్న రక్తనాళాలు ఎక్కువగా ఉంటాయి, చుట్టూ గట్టి పొర సరిగా ఉండదు. అందుకే లోపల రక్తస్రావం మొదలైతే అది గడ్డలోనే ఆగకుండా కాలేయం పొర కిందికీ, అక్కడి నుంచి పొట్టలోకీ పాకగలదు.

దీనికీ ఈస్ట్రోజెన్‌కూ ఉన్న సంబంధం 1973లో వైద్యుల దృష్టికి వచ్చింది. అమెరికాలో గర్భనిరోధక మాత్రలు వాడుతున్న కొందరు యువతులలో ఈ గడ్డలు కనిపించడాన్ని జానెట్ బామ్ బృందం ఆ ఏడాది ప్రచురించింది. అప్పటి మాత్రలలో ఈస్ట్రోజెన్ మోతాదు ఇప్పటికంటే చాలా ఎక్కువ. దీర్ఘకాలం మాత్రలు వాడినవారిలో ఏటా లక్షకు మూడు నలుగురికి ఇది వస్తుందనీ, వాడనివారిలో పది లక్షలకు ఒకరికి వస్తుందనీ చెప్పే పాత అంచనాలు ఆ కాలానివే. ఇప్పుడు మోతాదులు తగ్గాయి. వాటి స్థానంలో ఊబకాయం, మధుమేహంతో ముడిపడిన జీవక్రియ లోపాలు కారణాలుగా ముందుకు వచ్చాయి.

ఇక్కడ మన ఇళ్లలో జరిగే ఒక చిక్కు గురించి చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు వాడారా అని డాక్టరు అడిగితే, పక్కన అత్తగారు కూర్చుని ఉండగా కొత్త కోడలు లేదనే అంటుంది. అది అబద్ధం కాకపోవచ్చు కూడా. పీసీఓఎస్ అనే అండాశయాల హార్మోన్ సమస్య ఉందని, నెలసరి క్రమం తప్పుతోందని, మొటిమలు తగ్గడం లేదని కాలేజీ రోజుల నుంచి ఏళ్ల తరబడి వేసుకున్న మాత్రలు అచ్చంగా గర్భనిరోధక మాత్రలేనని ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. కాబట్టి డాక్టర్లు ప్రశ్న మార్చి, నెలసరి కోసం ఎప్పుడైనా నెలకు 21 మాత్రల చీటీ వాడావా అని అడగాలి. ఆ మాట అడిగేటప్పుడు మిగతావారిని కాసేపు బయట కూర్చోబెట్టడం ఇంకా మంచిది. జిమ్‌లో వాడే అనబాలిక్ స్టెరాయిడ్లు, పుట్టుకతో వచ్చే గ్లైకోజెన్ నిల్వ జబ్బు కూడా దీనికి కారణమవుతాయి, అయితే గర్భిణులలో అవి అరుదు.

అడినోమాలన్నీ ఒకే తీరున ప్రవర్తించవు. జన్యుమార్పులను బట్టి వీటిని ఇప్పుడు ఉపరకాలుగా విడదీస్తున్నారు. హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ జన్యువు పనిచేయకుండా పోయిన రకంలో కొవ్వు ఎక్కువగా ఉంటుంది, అది సాధారణంగా సాధువు. ఇన్‌ఫ్లమేటరీ రకం ఊబకాయం, మద్యపానం ఉన్నవారిలో ఎక్కువగా కనిపిస్తుంది. బీటా-కాటెనిన్ జన్యువులో, ముఖ్యంగా మూడో ఎక్సాన్ అనే భాగంలో మార్పు ఉన్న రకం క్యాన్సర్‌గా మారే అవకాశం మిగతావాటికంటే ఎక్కువ. సోనిక్ హెడ్జ్‌హాగ్ అనే రకానికి రక్తస్రావం చేసే గుణం ఎక్కువ. గర్భిణిలో ఈ ఉపరకాన్ని తేల్చడం కోసమే సూదితో ముక్క తీసి చేసే బయాప్సీ చేయరు. రకం ఏదైనా పరిమాణం అయిదు సెంటీమీటర్లు దాటితే ప్రమాదం పెరుగుతుందన్న లెక్క మీదనే ఆధారపడతారు.

గర్భం అడినోమాకు రెండు వైపుల నుంచి ఊతమిస్తుంది. ఈస్ట్రోజెన్ వంటి హార్మోన్లు గడ్డ పెరగడానికి తోడ్పడతాయి. మరోవైపు శరీరంలోని రక్తం పరిమాణం 40 నుంచి 50 శాతం దాకా పెరిగి, గుండె పంపే రక్తం కూడా అందుకు తగ్గట్టు ఎక్కువవుతుంది కాబట్టి పలుచని నాళాల మీద భారం పడుతుంది. రక్తస్రావం జరిగిన సందర్భాలు ఎక్కువగా చివరి మూడు నెలల్లోనూ, కాన్పు తర్వాత తొలి వారాల్లోనూ కనిపించడానికి కారణం ఇదేనని భావిస్తారు.

పాత వైద్య గ్రంథాలు అడినోమా ఉన్న స్త్రీని గర్భం దాల్చవద్దని హెచ్చరించేవి. గర్భకాలంలో పగిలిన కేసులలో తల్లి మరణాలు 40 శాతానికి పైగా ఉన్నట్టు కనిపించడమే ఆ భయానికి మూలం. కానీ ఆ లెక్క పగిలిన కేసులను మాత్రమే ఏరి కూర్చినది. ఏమీ కాకుండా ఇంటికి వెళ్లిన గర్భిణి గురించి ఎవరూ వైద్య పత్రికకు రాయరు కదా. ఈ లోటును నెదర్లాండ్స్ పరిశోధకులు పూడ్చారు. అయిదు సెంటీమీటర్ల లోపు అడినోమా ఉన్న 48 మంది స్త్రీలను 51 గర్భాలలో స్కానింగులతో గమనించి 2020లో ఫలితాలు ప్రచురించారు. నాలుగింట ఒక వంతు గర్భాలలో, అంటే 13 గర్భాలలో, గడ్డ పెరిగింది. పెరుగుదల మధ్యస్థంగా 14 మిల్లీమీటర్లు. ఒక్కరిలో గడ్డ ఏడు సెంటీమీటర్లు దాటడంతో 26వ వారంలో రక్తనాళాన్ని మూసే చికిత్స చేశారు, అది సఫలమైంది. మిగిలిన 50 గర్భాలూ గడ్డ వల్ల ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి. నా దృష్టిలో ఈ విషయంలో ఇప్పటికి ఉన్న అత్యంత విలువైన సమాచారం ఇదే. అయితే దానిని పెద్ద అడినోమాలకు అన్వయించకూడదు, ఎందుకంటే అవి ఆ అధ్యయనంలో లేవు.

పేరు తేల్చే దారి

గర్భిణికి మొదటి సాధనం అల్ట్రాసౌండే. కాలేయం కోసమే చేసినా, ఆమె గర్భిణి కనుక 1994 నాటి లింగనిర్ధారణ నిషేధ చట్టం ప్రకారం గర్భిణి వివరాలు నమోదు చేసే ఫారం-ఎఫ్ నింపవలసిందే. స్కానింగ్ సెంటరు వాళ్లు గుర్తింపు కార్డు అడిగితే విసుక్కోవద్దు. మామూలు హెమాంజియోమా తెల్లగా, అంచులు తేటగా కనిపించి చాలావరకు ఇక్కడే తేలిపోతుంది. ఎఫ్‌ఎన్‌హెచ్‌నూ అడినోమానూ అల్ట్రాసౌండ్‌తో విడదీయడం మాత్రం కష్టం.

తర్వాతి మెట్టు ఎంఆర్‌ఐ. అందులో రేడియేషన్ లేదు. చిత్రం స్పష్టంగా రావడానికి కాంట్రాస్ట్‌గా ఎక్కించే గాడోలినియం మందు మాయను దాటి బిడ్డను చేరుతుంది. కెనడాలోని ఆంటారియోలో జరిపి 2016లో ప్రచురించిన పెద్ద అధ్యయనం దానిని మృతశిశు జననాలతోనూ, నవజాత శిశు మరణాలతోనూ, తర్వాతి కాలంలో వచ్చే కొన్ని చర్మ, కీళ్ల సమస్యలతోనూ ముడిపెట్టింది కనుక తప్పనిసరి అయితే తప్ప ఇవ్వరు. కాంట్రాస్ట్ లేని ఎంఆర్‌ఐ ఎందుకూ పనికిరాదనుకోవడం మాత్రం సరి కాదు. హెమాంజియోమా టీ2 అనే తరహా ఎంఆర్‌ఐ చిత్రాలలో ధగధగా మెరుస్తుంది. కొవ్వు ఉన్న హెచ్‌ఎన్‌ఎఫ్1ఏ అడినోమా ఒక తరహా చిత్రంలో తెల్లగా ఉండి, కొవ్వును కొలిచే మరో తరహాలో నల్లబడుతుంది. ఎఫ్‌ఎన్‌హెచ్ చుట్టూ ఉన్న కాలేయం రంగులోనే కలిసిపోయి, మధ్య మచ్చ మాత్రం బయటపడుతుంది. అనుభవమున్న రేడియాలజిస్టు ఈ చిత్రాలతో చాలా వరకు చెప్పగలరు. మిగిలిన సందేహాన్ని కాన్పు తర్వాతికి వాయిదా వేసి, అప్పటిదాకా దానిని అడినోమాగానే భావించి జాగ్రత్త పడటం సరైన పద్ధతి.

సీటీ స్కాన్ మామూలుగా అవసరం రాదు. అయితే లోపల రక్తస్రావం జరుగుతోందన్న అనుమానం వచ్చినప్పుడు, గర్భిణి అన్న కారణంతో సీటీ ఆపడం ప్రమాదకరం. ఒక్కసారి చేసిన పొట్ట సీటీలో బిడ్డకు అందే రేడియేషన్ సాధారణంగా హాని కలిగించే 50 మిల్లీగ్రే స్థాయికి లోపే ఉంటుంది. తల్లి బతకకపోతే బిడ్డ బతకదన్నది అక్కడ మొదటి లెక్క.

నెలలు గడిచే కొద్దీ

అడినోమా అని తేలినా, అనుమానం మిగిలినా చేయవలసింది క్రమం తప్పని స్కానింగ్. యూరోపియన్ కాలేయ వైద్యుల సంఘం 2016 మార్గదర్శకాలు గర్భకాలంలో ఆరు నుంచి పన్నెండు వారాలకోసారి అల్ట్రాసౌండ్ సూచిస్తాయి. అయిదు సెంటీమీటర్ల లోపు ఉండి పెరగకుండా ఉంటే అంతకు మించి ఏమీ చేయరు. వేగంగా పెరుగుతున్నా, అయిదు దాటినా, నొప్పి మొదలైనా చికిత్స ఆలోచిస్తారు. 24 వారాలలోపు, ముఖ్యంగా నాలుగో నెల నుంచి ఆరో నెల మధ్యలో, గడ్డను కోసి తీయడం సాధ్యమే. ఆ తర్వాత పెరిగిన గర్భాశయం అడ్డు వస్తుంది, నెలలు నిండకుండానే కాన్పు వచ్చే భయం కూడా ఉంటుంది. అప్పుడు తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి గడ్డకు రక్తం అందించే నాళాన్ని మూసివేసే ఎంబొలైజేషన్ మేలు.

ఇందుకోసం ఒకే చోట ప్రసూతి వైద్యులు, కాలేయ శస్త్రచికిత్స నిపుణులు, ఎంబొలైజేషన్ చేయగల ఇంటర్వెన్షనల్ రేడియాలజిస్టు, బ్లడ్ బ్యాంకు, నెలలు నిండని బిడ్డను చూసుకునే ఎన్‌ఐసీయూ ఉండాలి. బెంగళూరులో ప్రభుత్వ రంగంలోనే వాణీ విలాస్ ప్రసూతి ఆసుపత్రి, జీర్ణకోశ వ్యాధుల, అవయవ మార్పిడి సంస్థ విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోనే ఉన్నాయి. ప్రైవేటులో పెద్ద ఆసుపత్రులు సరే సరి. కాన్పులకే పేరుపడిన, అద్దాల మెరుపులున్న చిన్న ప్రసూతి ఆసుపత్రులు మామూలు గర్భిణికి ఎంత సౌకర్యమైనా, పెద్ద అడినోమా ఉన్న గర్భిణికి సరిపోవు.

మన ఆచారం వైద్యానికి అడ్డుపడేది ఇక్కడే. సీమంతం చేసి ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో తొలిచూలు ఆడపిల్లను పుట్టింటికి తీసుకెళ్లడం మన పద్ధతి. ప్రేమతో చేసే పనే, దాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అడినోమాకు అత్యంత ప్రమాదకరమైన నెలలు సరిగ్గా అవే. అప్పటిదాకా ఆమెను చూసిన డాక్టర్లు, స్కాన్ బొమ్మలు, గడ్డ పెరిగిన తీరు అన్నీ బెంగళూరులో ఉండిపోతాయి. ఆమె మాత్రం నాలుగు గంటల దూరంలో, ఆమె కాలేయం గురించి ఏమీ తెలియని కొత్త డాక్టరు దగ్గర కొత్త ఫైలుతో మొదలుపెడుతుంది. కర్ణాటకలో గర్భిణులకు ప్రభుత్వం ఇచ్చే తాయి కార్డులో బీపీ, బరువు, హిమోగ్లోబిన్ రాసి ఉంటాయి, కాలేయంలోని గడ్డ గురించి ఎవరో ఒకరు ప్రత్యేకంగా రాస్తే తప్ప ఉండదు. హెమాంజియోమా, ఎఫ్‌ఎన్‌హెచ్ అయితే నిశ్చింతగా పుట్టింటికి వెళ్లవచ్చు. అయిదు సెంటీమీటర్ల దగ్గరలో గానీ అంతకు పైన గానీ అడినోమా ఉంటే, అమ్మే బెంగళూరు వచ్చి ఉండటం ఉత్తమం. చిన్న అడినోమాతో వెళ్లేవారు ముందుగా ఆ ఊళ్లో ఎంబొలైజేషన్ చేయగలవారు ఎవరున్నారో కనుక్కుని, గడ్డ రకం, చోటు, ఒక్కో స్కాన్‌లో కొలత రాసిన ఒక్క పేజీ ఉత్తరాన్ని డాక్టరు చేత రాయించుకుని, ఎంఆర్‌ఐ సీడీతో సహా వెంట తీసుకెళ్లాలి.

నొప్పి వచ్చిన రాత్రి

పొట్ట పైభాగంలో ఏ నొప్పి వచ్చినా గ్యాస్ అనడం మనకు అలవాటు. అడినోమా ఉన్న గర్భిణిలో కుడి డొక్క కింద గానీ, కుడి భుజంలో గానీ ఉన్నట్టుండి నొప్పి మొదలై, చెమటలు పట్టి, కళ్లు తిరిగితే దానికి వామునీళ్లూ గ్యాస్ మాత్రా మందు కాదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. గర్భిణి శరీరంలో రక్తం ఎక్కువగా ఉండటం వల్ల లీటరుకు పైగా పోయేదాకా బీపీ పడిపోకపోవచ్చు. బీపీ బాగుందన్న మాట ఆ సమయంలో భరోసా కాదు, నాడి వేగం పెరగడమే ముందు గుర్తు.

ఆసుపత్రిలో కూడా రెండు వైపులా పొరబడే అవకాశం ఉంది. చివరి నెలల్లో కుడి డొక్క నొప్పితో, లివర్ ఎంజైములు పెరిగి వచ్చిన గర్భిణిని చూడగానే డాక్టర్ల మనసులో మెదిలేది హెల్ప్ సిండ్రోమ్. బీపీతో ముడిపడిన ఈ స్థితిలో ఎర్రకణాలు చితికిపోయి, ప్లేట్‌లెట్లు పడిపోయి, కాలేయం దెబ్బతింటుంది. దానికి విరుగుడు కాన్పు చేయడమే. అడినోమా ఉన్నట్టు తెలియకపోతే దాని రక్తస్రావాన్ని హెల్ప్ అనుకుని కాన్పు చేసేసి, అసలు రక్తం కారే చోటును వదిలేసే ప్రమాదం ఉంది. దీనికి తలకిందులుగా, హానిలేని హెమాంజియోమా ఉన్నట్టు రిపోర్టులో ముందే ఉన్న గర్భిణికి నిజంగానే హెల్ప్ వస్తే, నొప్పి ఆ గడ్డ వల్లనేనని సరిపెట్టుకుని విలువైన గంటలు పోగొట్టవచ్చు. అందుకే పాత రిపోర్టు చేతిలో ఉన్నా లేకున్నా బీపీ, ప్లేట్‌లెట్లు, మూత్రంలో ప్రోటీన్, పొట్ట స్కానింగ్ అన్నీ ఆ రాత్రే చూడాలి. రక్తస్రావం అని తేలితే రక్తం ఎక్కించి నిలకడ తెచ్చి, వీలైతే ఎంబొలైజేషన్‌తో ఆపుతారు. అది చేతకాని స్థితిలోనే పొట్ట తెరిచి, కాలేయం చుట్టూ గుడ్డలు నొక్కి పెట్టి రక్తాన్ని ఆపుతారు. రక్తం కారుతున్న వేళ కాలేయాన్ని పెద్ద ఎత్తున కోయడం వల్ల నష్టమే ఎక్కువ.

కాన్పు, ఆ తర్వాత

కాలేయంలో గడ్డ ఉండటం సిజేరియన్‌కు తనంత తానుగా కారణం కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం కాన్పులలో సిజేరియన్లు తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, కర్ణాటకలో 31.5 శాతం. ఇంత తేలిగ్గా కత్తి పట్టే చోట హెమాంజియోమా ఇంకో సాకు కావడం విచారకరం. హెమాంజియోమాకూ ఎఫ్‌ఎన్‌హెచ్‌కూ చిన్న అడినోమాకూ మామూలు కాన్పే తగినది. పెద్ద అడినోమా కాలేయం అంచున ఉబ్బి ఉంటే, చివరి దశలో ఎక్కువసేపు ముక్కవలసిన అవసరం రాకుండా వాక్యూమ్‌తోనో ఫోర్సెప్స్‌తోనో సాయం చేయడం ఒక మార్గం. సిజేరియన్ కావాలా అన్నది ఆ ఒక్కరి పరిస్థితిని బట్టి వైద్యులు కలిసి తేల్చవలసిన విషయం.

లివర్ టానిక్కులు, నేల ఉసిరి కషాయాలు, తిప్పతీగ రసం ఏ గడ్డనూ కరిగించవు. కోవిడ్ కాలంలో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్నట్టు మన దేశపు వైద్యులే నివేదించారు కనుక, గర్భిణీ బాలింతా వాటి జోలికి పోకపోవడమే క్షేమం.

కాన్పైన తర్వాత నెలన్నర, మూడు నెలలకు మళ్లీ స్కాన్ చేస్తారు. వాయిదా వేసిన కాంట్రాస్ట్ ఎంఆర్‌ఐ ఇప్పుడు చేయించుకోవచ్చు. పాలలోకి చేరే గాడోలినియం అత్యల్పం కాబట్టి బిడ్డకు పాలు మానిపించవలసిన పని లేదు. అడినోమా ఉన్నవారు ఈస్ట్రోజెన్ ఉన్న మాత్రలు వాడకూడదు, ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ కూడా ఈ కోవలోకే వస్తుంది. కాపర్-టీ నిరభ్యంతరం, కాన్పులు చాలనుకుంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ ఉంది, అది భర్త చేయించుకున్నా సరిపోతుంది. మళ్లీ బిడ్డ కావాలనుకునేవారు ముందుగా బరువు తగ్గించుకుని, ఆరు నెలల తర్వాత గడ్డ ఎంత ఉందో కొలిపించుకోవాలి. అప్పటికీ అయిదు సెంటీమీటర్లు దాటి ఉంటే దాన్ని తీయించుకోవడమో ఎంబొలైజేషన్ చేయించుకోవడమో రెండో గర్భానికి ముందే జరగాలి.